ఆరు ఆపదలు: సైబర్ భద్రత నిర్వచనానికి ప్రతిపద వ్యాఖ్య

మన సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చింది. సైబర్ భద్రత అంటే ఏమిటో చెప్పే వాక్యం మాత్రం అందులో మొదట లేదు. 2008 నాటి సవరణ దాన్ని రెండో సెక్షన్‌లో చేర్చింది. 2009 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ నిర్వచనం తాత్పర్యం తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: సమాచారాన్ని, పరికరాలను, కంప్యూటర్లను, కంప్యూటర్ వనరులను, సమాచార ప్రసార సాధనాలను, వాటిలో దాచిన సమాచారాన్ని అనధికారమైన ప్రవేశం, వినియోగం, వెల్లడి, అంతరాయం, మార్పు, ధ్వంసం అనే ఆరింటి నుంచి రక్షించడం.

ఆ వాక్యం చట్టంలో చేరిన నాటికి మీసేవ లేదు. మొదటి ఆధార్ సంఖ్య ఇంకా ఎవరి చేతికీ రాలేదు. రేషన్ బియ్యానికి కార్డు తీసుకెళ్తే సరిపోయేది. ఇవాళ పింఛను, బియ్యం, భూమి, చదువు, ఆస్పత్రి అన్నీ ఏదో ఒక సర్వర్‌ను దాటుకునే మనదాకా వస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న వాట్సాప్‌లో మొదలైన ‘మన మిత్ర’ తొలి విడతలోనే 161 సేవలను ఫోన్‌లోకి తెచ్చింది. ఒకప్పుడు కంప్యూటర్ గదులను తలుచుకుని రాసిన వాక్యం ఇప్పుడు కూలికి వెళ్లే మనిషి బతుకును కూడా ఏలుతోంది. అందుకే దాన్ని పదం పదం విడదీసి, ఒక్కో పదానికి మన అనుభవంలో ఏ అర్థం తేలిందో చూడాలనిపించింది.

సమాచారం, పరికరాలు, కంప్యూటర్లు, వనరులు, సాధనాలు

రక్షణ పొందవలసినవాటి జాబితా ఇది. అన్నీ వస్తువులే. మనిషి లేడు. చట్టం రాసినవారు మనిషిని మరిచారని అనను. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే ఆఫీసు ఆస్తి, దాన్ని కాపాడితే చాలనుకున్నారు. కానీ ఆ ఖాళీ ఇప్పుడు చాలా పెద్దదైంది. పింఛను తీసుకునే అవ్వ వేలు ఆమెది; ఆ వేలిముద్ర ఉన్న ఫైలు ఒక శాఖది. ఫైలు బయటికి పొక్కితే శాఖకు పోయేదేమీ లేదు, సర్వర్ ఎప్పట్లాగే నడుస్తుంది. ఖాళీ అయ్యేది అవ్వ ఖాతా. కాబట్టి ఈ వ్యాఖ్యలో ప్రతి పదం దగ్గరా ఒకే ప్రశ్న వేస్తాను: దెబ్బ ఎవరికి తగిలింది? ప్రభుత్వ డిజిటల్ సేవ భద్రంగా ఉందా లేదా అన్నది ఆ సేవ కోసం వరసలో చివర నిలబడ్డ మనిషిని బట్టి తేల్చాలన్నది నా గట్టి నమ్మకం.

పరికరాల గురించి చెప్పవలసిన మాట చిన్నదే, కానీ తప్పించుకోకూడనిది. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానంటుంది రాన్సమ్‌వేర్. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ పురుగు దూరిన కన్నాన్ని పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. రెండు నెలల వ్యవధి ఉంది. దేశదేశాల్లో ఆ ప్యాచ్ వేసుకోని కంప్యూటర్లే దెబ్బతిన్నాయి. ప్రభుత్వ కార్యాలయంలో కొత్త కంప్యూటర్ కొనడానికి పద్దు ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. ఐదేళ్లపాటు దాన్ని నెలనెలా సరిచూసే మనిషికి పద్దు దొరకడం కష్టం. సైబర్ భద్రతలో సగం పని ఆ కనబడని మనిషిదే.

అనధికారమైన

ఆరు ఆపదలకూ ముందున్న విశేషణం ఇది. వాక్యం బరువంతా దీని మీదే ఉంది. అధికారం ఉన్నవాడు చేస్తే ఆపద కాదు, లేనివాడు చేస్తేనే ఆపద అని దీని అర్థం. ఇక్కడే నాకు అభ్యంతరం.

2018 జనవరిలో చండీగఢ్ నుంచి వెలువడే ట్రిబ్యూన్ పత్రిక ఒక వార్త ప్రచురించింది. 500 రూపాయలు ఇస్తే ఒక లాగిన్ చేతికొస్తుందని, ఏ ఆధార్ సంఖ్య కొట్టినా దాని వెనకున్న పేరు, చిరునామా, ఫోన్ నంబరు కనబడతాయని దాని సారాంశం. వేలిముద్రలు, కనుపాప వివరాలు భద్రంగానే ఉన్నాయని ఆధార్ ప్రాధికార సంస్థ చెప్పింది. పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులో వార్త రాసిన విలేఖరి పేరు కూడా చేర్చింది. ఆ ఫిర్యాదు న్యాయమని నేను అనుకోను. కన్నం చూపించినవారిని భయపెడితే తర్వాతి కన్నం ఎవరూ చూపించరు. అసలు సంగతికి వస్తే, అక్కడ తాళం పగలగొట్టిన వాళ్లెవరూ లేరు. పని కోసం ఇచ్చిన అధికారమే చేతులు మారింది.

మన మండల కార్యాలయాల పరిస్థితి తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. అధికారి డిజిటల్ సంతకం ఉన్న డాంగిల్ ఆపరేటర్ సొరుగులో ఉండటం, పాస్‌వర్డ్ కీబోర్డు కింద చీటీ మీద ఉండటం వింతేమీ కాదు. ఒక్క అధికారి, వందల దరఖాస్తులు, ఇన్ని రోజుల్లో తేల్చాలన్న గడువు. గడువు దాటితే పై నుంచి మెమో. ఆ ఒత్తిడిలో డాంగిల్ చేతులు మారుతుంది. తప్పు జరిగిన రోజున ఆపరేటర్‌ను సస్పెండ్ చేస్తారు. గడువు మారదు, సిబ్బంది పెరగరు, డాంగిల్ ఇంకో సొరుగులోకి వెళ్తుంది.

ఎస్తోనియా అనే చిన్న దేశం ఈ విశేషణానికి మంచి వ్యాఖ్య రాసింది. 2001లో అక్కడ ఎక్స్-రోడ్ అనే వ్యవస్థ మొదలైంది. అందరి వివరాలూ ఒక్కచోట పోగుచేయరు. ఏ శాఖ సమాచారం ఆ శాఖ దగ్గరే ఉంటుంది, కావలసినప్పుడు ఒక శాఖ ఇంకో శాఖను అడుగుతుంది, అడిగిన ప్రతిసారీ ఆనవాలు మిగులుతుంది. పౌరుడు ప్రభుత్వ పోర్టల్‌లోకి వెళ్లి తన వివరాలను ఏ కార్యాలయం ఎప్పుడు చూసిందో తెలుసుకోవచ్చు. అధికారం ఉన్నవాడు కూడా కారణం చెప్పుకోవలసిందే. మన దగ్గర ఆధార్ ధ్రువీకరణ చరిత్రను చూసుకునే వీలుంది, కానీ ఆధార్ ఎక్కడ వాడారన్నదే అందులో తెలుస్తుంది. నా భూమి రికార్డును, నా కులధ్రువీకరణ దరఖాస్తును ఈ నెలలో ఎవరు తెరిచారో నాకు చూపించే కిటికీ లేదు. అది పెట్టడానికి చట్టం మారనక్కర్లేదు. ఎవరు ఎప్పుడు తెరిచారన్న లాగ్‌లు ఎలాగూ రాసుకుంటున్నారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాటిని 180 రోజులు దాచాలి కూడా. దాచినదాన్ని ఎవరిదో వారికి చూపించడమే మిగిలింది.

ప్రవేశం

అల్బేనియా కథ ఈ పదానికి సరిపోతుంది. ఆ దేశ ప్రభుత్వం 2022 మే నుంచి దాదాపు అన్ని సేవలనూ ఇ-అల్బేనియా పోర్టల్‌కు మార్చి, కౌంటర్లు మూసేసింది. అదే ఏడాది జులై 15న దాడి జరిగి పోర్టల్ ఆగింది. తర్వాత అమెరికా దర్యాప్తు సంస్థలు బయటపెట్టిన వివరాల ప్రకారం, దాడిచేసిన ఇరాన్ బృందం లోపలికి వచ్చింది జులైలో కాదు, సుమారు 14 నెలల ముందు. అంటే కౌంటర్లు మూస్తున్న రోజుకే శత్రువు లోపల ఉన్నాడు, దొంగ అటకెక్కి ఏడాది పైగా ఇంటివాళ్ల రాకపోకలు గమనించినట్టు. వచ్చిన దారి షేర్‌పాయింట్ సాఫ్ట్‌వేర్‌లో 2019 నుంచీ అందరికీ తెలిసిన లోపం. దానికి ప్యాచ్ కూడా ఉంది.

ప్రవేశానికి చప్పుడు ఉండదు. తెర మీద పుర్రె బొమ్మ కనబడి బెదిరింపు సందేశం వచ్చేసరికి ప్రవేశం పాతబడి ఉంటుంది. కాబట్టి ‘మా మీద ఇంతవరకూ దాడి జరగలేదు’ అని ఏ శాఖ చెప్పినా, ‘మాకు ఇంతవరకూ కనబడలేదు’ అని అర్థం చేసుకోవాలి.

వినియోగం

తెలుగువాళ్లు సొంత సొమ్ము పోగొట్టుకుని అర్థం తెలుసుకున్న పదం ఇది.

భూమి అమ్మినా కొన్నా రిజిస్ట్రేషన్ కాగితం మీద ఫొటో, వేలిముద్ర ఉండాలని 2001లో రిజిస్ట్రేషన్ చట్టానికి 32ఎ సెక్షన్ చేర్చారు. ఒకరి పేరుతో ఇంకొకరు వచ్చి భూమి కాజేయకుండా అది కాపలా. మంచి ఉద్దేశం. రిజిస్టరైన దస్తావేజు నకలు ఎవరైనా తీసుకోవచ్చన్నది అంతకన్నా పాత సంప్రదాయం. భూమి కొనేవాడు పాత లావాదేవీలు చూసుకోవాలి కదా. అదీ మంచిదే. తర్వాత దస్తావేజులను స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టారు, రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగకుండా. ఇదీ మంచిదే. మూడు మంచి పనులూ కలిసి, లక్షల మంది వేలిముద్రలను, పక్కనే ఆధార్ సంఖ్యతో సహా, ఎవరి కంప్యూటర్‌లోకైనా దించుకునే వీలు కల్పించాయి.

2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తిని పోలీసులు పట్టుకున్నారు. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు స్టాంపుల తరహాలో నకిలీ ముద్రలు చేసి, వేల సంఖ్యలో సిమ్ కార్డులను వేరేవాళ్ల పేర్ల మీద యాక్టివేట్ చేశాడని కేసు. అమ్మకాల లక్ష్యం చేరుకోవడానికి చేసిన పని అది. అప్పుడే అందరూ మేల్కొనవలసింది. 2022లో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకునేసరికి వ్యవహారం సిమ్‌ల నుంచి సొమ్ము దాకా వెళ్లింది. ఈసారి దస్తావేజులు ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌వి. దారి ఆధార్ ఆధారిత చెల్లింపుల వ్యవస్థ, అంటే ఏఈపీఎస్.

ఏఈపీఎస్ పల్లెకు చేసిన మేలు తక్కువది కాదు. బ్యాంకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో బ్యాంకు మిత్ర చిన్న యంత్రం పట్టుకుని వస్తే, ఉపాధి కూలి సొమ్ము అరుగు మీద కూర్చునే తీసుకోవచ్చు. ఏటీఎం కార్డు అక్కర్లేదు, పిన్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఓటీపీ రాదు. ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు. చదువురాని మనిషికి ఏది సులువైందో దొంగకూ అదే సులువైంది. ఆ మూడూ, లేదా మూడింట్లో రెండు, దస్తావేజులో దొరికాయి.

ఇక్కడ హ్యాకింగ్ అనే మాటకు చోటు లేదు. సర్వర్ అడిగిన వేలిముద్ర ఇచ్చారు, సర్వర్ సరేనంది. లాగ్‌లో చూస్తే అది నిక్షేపమైన లావాదేవీ. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, కార్డు పోతే బ్లాక్ చేయిస్తాం. వేలును ఏం చేస్తాం?

బయోమెట్రిక్ లాక్ చేసుకోండి అన్నది అధికారులు, బ్యాంకులు ఇచ్చే సలహా. ఎంఆధార్ యాప్‌లో ఆ సదుపాయం నిజంగానే ఉంది, ఉద్యోగం చేసుకునే నగరవాసికి పనికొస్తుంది కూడా. మొదట చెప్పిన పింఛను అవ్వ సంగతి ఆలోచించండి. ఆమెకు బియ్యం వేలిముద్రతోనే, పింఛను వేలిముద్రతోనే. లాక్ చేసుకుంటే దొంగకూ తలుపు మూసుకుంటుంది, రేషన్ డీలర్‌కూ మూసుకుంటుంది. తెరవాలంటే ఆధార్‌కు జతపడిన ఫోన్ కావాలి, అది కొడుకు దగ్గర బెంగళూరులో ఉంటుంది. భద్రతా, బువ్వా రెండింట్లో ఒకటి ఎంచుకోమని ఆమెను అడగడం అన్యాయం. 2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ, యంత్రం మీద పెట్టింది ప్రాణమున్న వేలా, నకిలీ ముద్రా అని పసిగట్టే కొత్త పరీక్షను తెచ్చింది. భారాన్ని మనిషి మీద వేయకుండా వ్యవస్థ తానే మోసిన పని అది. సరైన దిశలో పడిన అడుగు, అయిదేళ్లు ముందు పడవలసింది.

వెల్లడి

ఈ పదం దగ్గర తొందరపడి తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే వెల్లడి మనం పోరాడి తెచ్చుకున్న హక్కు కూడా.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ పథకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి చూపిన దారి సామాజిక తనిఖీ. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత కూలి పడింది అన్నది గ్రామసభలో చదివి వినిపించారు. చచ్చిపోయినవాళ్ల పేర్లు, పట్నంలో ఉన్నవాళ్ల పేర్లు మస్టర్లో దొరికింది అలాగే. మేట్లు తిన్న సొమ్ము కక్కించింది అలాగే. ఆ జాబితాలు వెబ్‌సైట్‌లోకి ఎక్కడం ఆ పోరాటానికి కొనసాగింపు.

2017 మే 1న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ సంస్థ ఒక నివేదిక విడుదల చేసింది. పరిశీలించినవి నాలుగు ప్రభుత్వ పోర్టళ్లు. రెండు కేంద్రానివి, రెండు ఆంధ్రప్రదేశ్‌వి, ఉపాధి హామీది ఒకటి, చంద్రన్న బీమాది ఇంకొకటి. ఆ నాలుగింటి ద్వారా 13 నుంచి 13.5 కోట్ల ఆధార్ సంఖ్యలు, సుమారు 10 కోట్ల బ్యాంకు ఖాతా నంబర్లు బయటపడి ఉండవచ్చని అంచనా వేశారు. ఎవరూ దొంగిలించలేదు. శాఖలే పెట్టాయి. ఆధార్ సంఖ్యను బహిరంగంగా ప్రచురించకూడదని 2016 నాటి ఆధార్ చట్టం చెబుతూనే ఉంది.

ఎలా జరిగింది? పట్టికను పట్టికగానే ఎక్కించారు. పేరు, జాబ్ కార్డు, పని దినాలు, కూలి అన్న గడులు ఊరికి తెలియాలి. ఆధార్, ఖాతా నంబరు గడులు చెల్లింపు చేసే కార్యాలయానికి చాలు. ఈ గడి ఎవరికి అవసరం అన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. పైగా అది డాష్‌బోర్డుల కాలం. ఎన్ని అంకెలు తెర మీద కదిలితే అంత పారదర్శకత అనుకున్నారు. 2018లో ఆంధ్రప్రదేశ్‌లోనే చవక మందుల దుకాణాల డాష్‌బోర్డు ఒకటి ఎవరు ఏ మందు కొన్నారో ఫోన్ నంబర్లతో సహా చూపించింది. కొన్ని జబ్బుల మందుల పేర్లు పక్కింటివాళ్ల కంటపడితే ఇంట్లో ఆడపిల్ల పెళ్లి ఆగిపోయే ఊళ్లు మనవి. అక్కడ వెల్లడి వల్ల ఏ అవినీతీ బయటపడదు, ఒక మనిషి పరువు బజారున పడుతుంది, అంతే.

అయితే ఈ భయాన్ని చూపి పట్టిక మొత్తాన్ని దాచేసే ప్రమాదమూ ఎదురుగానే ఉంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. అది సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) క్లాజును కుదించింది. ఆ సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఇంతకుముందు వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ క్లాజులోనే ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు, నిరాకరించడానికి ఆ క్లాజు సరిపోతుంది. ప్రజా ప్రయోజనం కోసం ఇవ్వవచ్చన్న 8(2) మిగిలి ఉన్నా, దాన్ని వాడాలన్న మనసు అధికారికి ఉండాలి. మస్టర్లో దొంగ పేర్లు పట్టుకున్న ఊరికి ఇది పెద్ద దెబ్బ. ఖాతా నంబరు గడి మూయమని అడిగాం. కూలి గడి మూయమని ఎవరూ అడగలేదు.

అంతరాయం

అల్బేనియాలో పోర్టల్ ఆగినప్పుడు తిరిగి వెళ్లడానికి కౌంటర్ లేదు. ఆ దేశం సెప్టెంబరు 7న ఇరాన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది. అది దేశాల మధ్య లెక్క. జనన ధ్రువపత్రం కోసం వచ్చిన పౌరుడి లెక్క దానితో తేలలేదు. 2022లోనే కోస్టారికాలో కొంటి అనే ముఠా ఏప్రిల్‌లో ఆర్థిక శాఖను పట్టుకుంది. పన్నులు, కస్టమ్స్ వ్యవస్థలు ఆగి, ఎగుమతుల కాగితాలు చేత్తో రాయవలసి వచ్చింది. మే 8న పదవి చేపట్టిన అధ్యక్షుడు రోడ్రిగో చావెస్ ఆ రోజే జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. నెలాఖరుకు ఇంకో ముఠా ఆ దేశ ఆరోగ్య వ్యవస్థ మీద పడింది.

మన దేశంలో 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఆగిపోయాయి. ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి దుండగులు తాళం వేశారని, నెట్‌వర్క్‌ను సరిగ్గా విభాగాలు చేయకపోవడం కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఒక గది అంటుకుంటే మిగతావాటికి పాకకుండా గోడలు ఉండాలి, అవి లేవన్నమాట. ఓపీ చీటీలు, రక్తపరీక్షల ఫలితాలు మళ్లీ చేత్తో రాశారు. పెద్ద వరసలు కట్టినా వైద్యం నడిచింది, ఎందుకంటే కాగితం మీద ఆస్పత్రి నడపడం తెలిసిన సిబ్బంది ఇంకా అక్కడ ఉన్నారు. దెబ్బ తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి సమాచారం తిరిగి వచ్చింది. ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత ఆ పాత చేతులు ఉండవు. చేత్తో పని నడిపే అభ్యాసాన్ని ఏటా ఒకసారైనా చేయించకపోతే అది తెలిసినవాళ్లు మిగలరు.

అంతరాయానికి శత్రువే రానక్కర్లేదు. ‘సర్వర్ డౌన్’ అన్న మాట తెలుగు పల్లెకు కొత్త కాదు. రేషన్ షాపు దగ్గర ఈ-పాస్ యంత్రానికి సిగ్నల్ అందక తిరిగి రావడం, పొగాకు గ్రేడింగులో, ఇటుక బట్టీలో అరిగిన వేళ్లు యంత్రానికి ఆనకపోవడం, రేపు రమ్మనడం. రేపు రావడమంటే ఒక రోజు కూలి పోవడం. నిర్వచనం ప్రకారం ఇందులో ‘అనధికారమైన’ది ఏదీ లేదు కాబట్టి ఇది సైబర్ భద్రత లెక్కలోకి రాదు. ఆ మనిషికి మాత్రం ముఠా దాడికీ సిగ్నల్ లేకపోవడానికీ తేడా లేదు; సంచి ఖాళీగానే ఇంటికి వస్తుంది. వేలిముద్ర పడనప్పుడు, సర్వర్ అందనప్పుడు రిజిస్టరులో సంతకం పెట్టించుకుని అక్కడికక్కడే ఇచ్చే అధికారం డీలర్‌కు, కార్యదర్శికి ఉండాలి. అలా ఇస్తే మోసం జరుగుతుందంటారు. కొంత జరగవచ్చు, పట్టుకునే పని తనిఖీది. బియ్యం అందవలసిన మనిషిని ఆకలితో పంపడం కంటే ఆ నష్టం చిన్నది.

మార్పు

దొంగతనం తెలిసిపోతుంది, ఆగిపోవడం తెలిసిపోతుంది. మార్పు తెలియదు. సర్వే నంబరు పక్కన విస్తీర్ణంలో ఒక అంకె మారితే, అమ్మబోయే రోజు దాకా రైతుకు తెలియదు.

ఎస్తోనియా తన రిజిస్టర్లలో కొన్నింటికి, ఏ నమోదు మారినా ఆ ఆనవాలును చెరపలేని గొలుసు పద్ధతిని వాడుతోంది. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా క్రోమావే అనే స్వీడన్ సంస్థతో కలిసి భూమి రికార్డులకు బ్లాక్‌చైన్ అనే గొలుసు పద్ధతి ప్రయత్నం మొదలుపెట్టింది. ఆ సాంకేతికత మీద నాకు గౌరవమే, కానీ దాని హద్దు చెప్పుకోవాలి. గొలుసులోకి ఎక్కాక ఎవరూ మార్చలేరు. మొదట ఎక్కించింది తప్పయితే, ఆ తప్పునూ ఎవరూ మార్చలేరు.

తెలంగాణ రైతుకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబరు 29న ధరణి అనే భూమి రికార్డుల పోర్టల్ మొదలైంది. అందులో పొరపాటున నిషేధిత జాబితాలోకి వెళ్లిన పట్టా భూములు, తగ్గిపోయిన గుంటలు, తప్పుపడిన పేర్లు బయటి శత్రువు చేసిన మార్పులు కావు, అధికారికమైనవే. తహసీల్దారుకు తప్పు కళ్ల ముందు కనబడుతున్నా సరిదిద్దే మీట ఆయన తెర మీద లేదు. తప్పు దిద్దమని పెట్టుకునే ‘టీఎం 33’ అన్న దరఖాస్తు పేరు పల్లెల్లో నోళ్లకెక్కింది అందుకే. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలో అప్పీలుకు దారి పెట్టారు. భద్రతకు మార్చలేకపోవడం ఎంత అవసరమో, వినతి విని, కారణం రాసి, అందరికీ కనబడేలా సరిదిద్దగలగడం అంతే అవసరం. బయటివాడి వేలు పడకుండా చూడటమే భద్రత అనుకున్న వ్యవస్థ సొంత తప్పుకు తానే కాపలా కాస్తుంది.

ధ్వంసం

2025 సెప్టెంబరు 26 రాత్రి దక్షిణ కొరియాలోని డేజాన్‌లో, ఆ దేశ ప్రభుత్వ సమాచార కేంద్రంలో, బ్యాటరీలను తరలిస్తుండగా నిప్పంటుకుంది. 647 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయని మొదట లెక్క చెప్పారు. వాటిలో 96 నేరుగా కాలిపోయాయి. ఉద్యోగులు తమ దస్త్రాలు దాచుకునే జి-డ్రైవ్ అనే నిల్వ, 858 టెరాబైట్లు, మొత్తం పోయింది. పరిమాణం చాలా పెద్దదని దానికి వేరేచోట నకలు పెట్టలేదు. డిజిటల్ పాలనలో ప్రపంచ జాబితాల్లో ముందు వరసలో ఉండే దేశం అది.

ఉక్రెయిన్‌కు శత్రువు నిజంగానే ఉన్నాడు. 2024 డిసెంబరు 19న ఆ దేశ న్యాయ శాఖ రిజిస్టర్ల మీద భారీ దాడి జరిగింది. ఆస్తులు, పెళ్లిళ్లు, జననాలు, సంస్థలు నమోదయ్యే రిజిస్టర్లు కొన్ని వారాల పాటు మెల్లగా తిరిగి లేచాయి. ఇలాంటి రోజు వస్తుందని ఊహించే ఎస్తోనియా తన ముఖ్యమైన రికార్డుల నకలును లక్సెంబర్గ్‌లో, రాయబార కార్యాలయానికి ఉండే రక్షణతో, దాచుకుంది. 2017లో ఒప్పందం చేసుకుంది. మన రాష్ట్రాలకు విదేశం దాకా వెళ్లే అవసరం లేదు. వేరే ఊళ్లో, వేరే నెట్‌వర్క్‌లో, ఏడాదికి రెండుసార్లు నిజంగా తిరిగి నడిపి చూసిన నకలు ఉంటే చాలు. నడిపి చూడని బ్యాకప్ ఉందో లేదో ఎవరికీ తెలియదు.

రక్షించడం

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి వ్యాఖ్య కూడా దాని దగ్గరికే చేరింది. ఎవరిని, ఎప్పుడు, ఎలా?

సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో సర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 ఆదేశం. మంచి గడువు. కానీ చెప్పేది సంస్థ, వినేది సంస్థ. ఎవరి వివరాలు పోయాయో వారికి చెప్పాలన్న నియమం డేటా రక్షణ చట్టంలో ఇప్పుడు వచ్చింది. ఆ భాగం అమలుకు 2025 నవంబరు నుంచి 18 నెలల వ్యవధి ఇచ్చారు. భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది. నష్టపోయిన మనిషికి అందులోంచి పైసా రాదు.

మనిషికి ఉన్న అసలైన ఆసరా రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో పెట్టిన నియమం. తప్పు ఖాతాదారుది కానప్పుడు, బ్యాంకు సందేశం అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే నష్టం ఏమాత్రం ఖాతాదారు మీద పడదు. ఆలస్యమయ్యేకొద్దీ భారం ఖాతాదారు వైపు జరుగుతుంది. ఏఈపీఎస్‌లో సొమ్ము పోయిన అవ్వకు ఈ నియమం సరిగ్గా సరిపోతుంది, ఆమెకు తెలిస్తే. సందేశం ఇంగ్లీషులో వస్తుంది. చాలాసార్లు కొడుకు ఫోన్‌కు వస్తుంది, ఖాతాకు నంబరు జతపడకపోతే అసలు రాదు. ఆమె బ్యాంకుకు వెళ్లేది తర్వాతి నెల పింఛను కోసం.

గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ ఉన్నాడు. ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తు ఎక్కించే అదే తెర మీద, ఖాతాలో సొమ్ము పోయిందన్న ఫిర్యాదును సైబర్ నేరాల సహాయ నంబరు 1930కీ బ్యాంకుకూ ఒకేసారి పంపి, తేదీ, నంబరు ఉన్న రసీదు తెలుగులో చేతికిచ్చే సేవ ఒకటి చేర్చాలి. బయోమెట్రిక్ లాక్‌ను ఏఈపీఎస్‌కు మాత్రమే వేసి, రేషన్‌కు తెరిచి ఉంచే వీలు కూడా అక్కడే కల్పించాలి. లావాదేవీ జరిగిన వెంటనే తెలుగులో మాట్లాడే ఫోన్ కాల్ పంపాలని బ్యాంకులను అడగాలి. ఫలానా చోట, ఫలానా సమయానికి నీ వేలిముద్రతో ఇంత సొమ్ము తీశారు, నువ్వు కాకపోతే ఒకటి నొక్కు అని. ఒకటి నొక్కిన క్షణాన్నే 3 పనిదినాల నియమం కింద ఫిర్యాదు చేసినట్టుగా లెక్కించాలి.